అమాస నాడు బండికి సెలవు

మొన్న ఐతారం పొద్దుగాల బడంగ్‌పేట్ నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చిండు. నడీడు మనిషి, మెత్తగ మాట్లాడుతడు. పాత మోటార్ సైకిళ్ళు కొని, బాగుచేసి దాచుకునుడు ఆయనకు షోకంట. మన్సూరాబాద్‌ల మా ఇంటి షెడ్డు కింద పట్ట కప్పుకోని ఒక బండి ఉన్నదని ఎవరో చెప్పిన్రంట. పట్ట తీసి చుట్టు తిరిగి చూసిండు, మమ్ముల అడిగి ఒక్క కిక్కు కొట్టిండు. బండి లేచింది. ఆయన మొఖం ఎలిగింది. మా ఆయన అరుగు మీద కుర్చీల కాళ్ళు చాపుకోని కూసోని, అది అమ్మేది కాదు, చాయ తాగిపొమ్మన్నడు. చాయ తాగుకుంట, దీన్ని ఏ మెకానిక్ చూస్తడు, ఆయిల్ ఎప్పుడు మార్పిచ్చిన్రు అని ఆయన అడిగితే, మా ఆయన గదుమతోటి నా దిక్కు చూపిచ్చిండు. పోయిన అమాసకు నేనే మార్చిన అని చెప్పిన. ఆయన నా కొంగు చూసిండు, నా చేతులు చూసిండు, పరాచికమనుకున్నడు. కిలోమీటర్లు చూసి గద మారుస్తరమ్మా, అమాస చూసి మారుస్తరా అని నవ్విండు. మా మామ అట్లనే నేర్పిండు, నాకు అదే వచ్చు అన్న. ఆయన పోయినంక గిలాసలు కడుగుతుంటే చేతులు ఈడనే ఉన్నయి గని, పానం మాత్రం నలభై ఏండ్ల ఎనక్కి, ఇదే జాగల అప్పుడుండే పెంకుటింట్లకు పోయింది.

నేను కోడలుగ వచ్చిననాడు ఈడ కాలనీలు లేవు. ఎల్బీనగర్ చౌరస్తా దాటితే ద్రాక్ష తోటలు, రాళ్ళ గుట్టలు, వాటి నడుమ బండ్లబాట. మా మామకు రెండెకరాల ద్రాక్ష తోట, ఎనిమిది బర్లు. నేను ఐదో తరగతి కాడనే ఆగిపోయినదాన్ని, ఇబ్రహీంపట్నం దిక్కు పల్లె నుంచి వచ్చిన. మా పుట్టింట్ల తెల్లారితే కోడి కూసేది. ఈడ తెల్లారితే బండి మోగేది. పాలు పిండి, క్యాన్లల్ల పోసి, రెండు దిక్కుల కట్టుకోని మా ఆయన దిల్‌సుఖ్‌నగర్ పోయేటోడు. ఆడ బస్సు డిపో దగ్గర ఒక చాయ హోటల్, ఇంక గుంటూరు, కృష్ణ దిక్కు నుంచి నౌకరీలకు వచ్చి కిరాయికి ఉండేటోళ్ళ ఇండ్లు ఒక ఇరవై. ఆయన పోయినంక వాకిట్ల ఒక వాసన మిగిలేది. పచ్చి పాలు, పిడకల పొగ, తోటకు కొట్టిన మైలుతుత్తం, వాటి మీద పెట్రోలు. మొదట్ల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఆర్నెల్లకు అది మా ఇంటి వాసన అయిపోయింది. ఇప్పుడు పెట్రోల్ బంకు కాడ నిలబడితే గూడ నాకు పాలు యాదికొస్తయి.

మా మామ పొట్టి మనిషి, మాట తక్కువ. తెల్లటి దోతి, తలకు రుమాలు, చెవిల ఎప్పుడు ఒక బీడీ ముక్క. ఆఖరి జత ఎడ్లను అమ్మి ఆ బండి కొన్నడంట. ఎడ్లు పోయినయి గని, వాటి పద్ధతులు ఆయన దగ్గర అట్లనే ఉండిపోయినయి. బండిని బుధవారం కడగాలె. దూరం పోయేటప్పుడు ముందు చక్రం కాడ నీళ్ళు చల్లాలె. హ్యాండిల్ మీద చెయ్యి ఏస్తే ఎద్దు మూపురం నిమిరినట్టే ఏసేటోడు. అమాస నాడు ఎడ్లను కాడికి కట్టరు గద, అట్లనే అమాస నాడు పొద్దటి పాలు ఏసి వచ్చినంక మళ్ళ సాయంత్రం పాలదాకా బండికి సెలవు. రెండమాసలకు ఒకపారి ఆ సెలవుల ఆయిల్ మార్చేటోడు. ఇంకా నయం, దానికి గడ్డి ఏస్తలేడు అని మా అత్తమ్మ పొయ్యి కాడ కూసోని ఎక్కిరిచ్చేది. ఆయనకు ఇనబడేటట్టే అనేది. ఆయన ఇననట్టే ఉండేటోడు. కండ్లు మసకలొచ్చి నడుపుడు కొడుకుకు అప్పజెప్పిండు గని, ఆయిల్ పని మాత్రం ఎవ్వరిని ముట్టనిచ్చేటోడు కాదు.

ఆ పని ఆయన చేసే తీరు గురించి చెప్పాలె. మా ఆయన పాలు ఏసి వచ్చి బండి ఆపంగనే, ఇంజన్ ఇంకా ఎచ్చగున్నప్పుడే, కింద సత్తు తపేలా పెట్టి పానాతోటి కడుపు కింది బోల్టు ఇప్పేటోడు. ఎచ్చగుంటే ఆయిల్ పలుచగుంటది, అడుగుల ఉన్న మడ్డి గూడ ఎంబడి వస్తది. సల్లారినంక ఇప్పితే సగం లోపట్నే ఉంటది. కాటుక లెక్క నల్లగ దారకట్టి కారేది. దార బొట్లయినంక బండిని ఇటు జర, అటు జర ఒంచేటోడు, కిక్కును చేతితోటి రెండుసార్లు ఒత్తేటోడు. బోల్టుకు అంటుకున్న ఇనుప పొడిని గుడ్డతోటి తుడిచి, ఏలితోటి రాసి చూసేటోడు. పొడి మెత్తగుంటే మంచిది, గరుకుగుంటే లోపల ఏదో అరుగుతున్నట్టు. బోల్టు మళ్ళ బిగిచ్చేటప్పుడు బలం చూపొద్దు, బోల్టు దిగే గడి అల్యూమినియంది, మరలు పోతయి. ఇవన్ని నేను తర్వాత నేర్చుకున్నయి. పాత ఆయిల్ పారబోసేటోళ్ళు కాదు. దర్వాజలకు, పందిరి గుంజలకు చెద పట్టకుంట పూసేటోళ్ళు. మా ఇంట్ల కట్టెలన్ని నల్లగ నిగనిగలాడేటియి.

బోల్టు బిగిచ్చినంక ఎంబడే కొత్తది పోసేటోడు కాదు. అండ్లనే ఆయన పద్ధతి ఉన్నది. కొత్త ఆయిల్ డబ్బను ఎండల పెట్టేటోడు, అది కాగి తేనె లెక్క జారాలని. ఆ లోపల తోటల బాయి కాడికి పోయి తానం చేసి, అమాస గద, గట్టు మీద కొబ్బరికాయ కొట్టి వచ్చేటోడు. గంట, గంటన్నర. ఆ గంటన్నర బండి కడుపు ఖాళీగుంటది, గని పైకి చూస్తే ఏం తెల్వదు. అందుకని తన పాత రుమాలు ముక్క ఒకటి హ్యాండిల్‌కు ముడేసి పోయేటోడు. గుడ్డ ఉన్నదంటే ఆయిల్ లేదని, ముట్టొద్దని. గుడ్డ లేదంటే పోసినట్టే. తండ్రీకొడుకుల నడుమ ఇంతకంటే మాట అక్కర లేకుండె.

నాకు ఆ సంగతి తెల్వదు. తెలిసే దారి గూడ లేదు. ఆ రోజులల్ల కోడలు మామ ముంగట నిలబడేది కాదు, మాట్లాడేది అసలే కాదు. ఆయన వాకిట్ల ఉంటే నేను లోపల, ఆయన లోపలికొస్తే నేను ఎనక కొట్టంల. అన్నం తినేటప్పుడు ఇంకింత కావాల్నా అని అడగాలంటే గూడ నేను అత్తమ్మకు చెప్తే అత్తమ్మ ఆయనకు చెప్పేది. మూడడుగుల దూరంల ఉన్న మనిషికి నా మాట అట్ల చుట్టు తిరిగి పోయేది. నేను వచ్చిన ఎనిమిది నెలలల్ల ఆయన నా గొంతు ఇన్నడో లేదో.

అమాసకు ఇంట్ల మాసిన గుడ్డ ఒక్కటి ఉండొద్దని మా అత్తమ్మ పట్టు. ఆమెనే ఉతుక్కునేది ఎప్పుడు. ఆ అమాసకు ఆమె చెయ్యి బెణికి, ఉతికే పని నా మీద పడ్డది. అన్ని పోగుచేసుకుంట వాకిట్లకు వచ్చిన. మామ బాయి కాడికి పోయిండు. బండి హ్యాండిల్‌కు మాసిన గుడ్డ ముక్క, ఆయిల్ మరకలతోటి. తుడుచుకోని ఆడ మరిచిపోయిన్రనుకున్న. ముడి ఇప్పి బట్టలల్ల ఏసుకున్న. సబ్బు పెట్టి, సున్నపు నీళ్ళు పోసి, మరక పోయేదాక ఉతికిన. అంత మంచిగ ఉతికినందుకు నాలో నేనే మురిసిన.

గుడ్డ ఇంటెనక తీగె మీద ఆరుతుంటే చాయ హోటల్ నుంచి మనిషి సైకిల్ మీద ఉరికొచ్చిండు. ఎండకు పాలన్ని ఇరిగిపోయినయంట, గిరాకి అంత కూసోని ఉన్నదంట, పది లీటర్లు ఎట్లన్న చేసి కావాల్నంట. మా ఆయన తోడుకు తీసిపెట్టిన పాలను క్యాన్ల పోసిండు. బండి కాడికొచ్చి హ్యాండిల్ చూసిండు. గుడ్డ లేదు. నాయిన పోసిపోయిండనుకున్నడు. కిక్కు కొట్టి పోయిండు.

కొత్తపేట దాటలేదు బండి. గరగరమన్నదంట, పొగొచ్చిందంట, ఎనక చక్రం ఒక్కసారి పట్టేసి పాలక్యానుతోటి రోడ్డు మీద జారిండంట. ఆడికెళ్ళి ఇంటిదాకా దొబ్బుకుంట వచ్చిండు. మోచేతులు గీరుకపోయినయి, అంగీ అంత పాలు. మామ అప్పటికే వచ్చి ఎండల పెట్టిన డబ్బ అట్లనే ఉన్నది, బండి లేదని వాకిట్ల నిలబడి ఉన్నడు. కొడుకును చూసిండు, బండిని చూసిండు. ఇంజన్ మీద చెయ్యి పెట్టి ఎంబడే తీసేసిండు.

"గుడ్డ కట్టి పోయిన గదరా," అన్నడు.

"గుడ్డ లేకుండె నాయినా."

"నేను కట్టిన. లేకుండె అంటవేంది?"

"నేను చూసిన. లేకుండె."

ఇంతే. మామ ఒర్లలేదు, చెయ్యి ఎత్తలేదు. బండి చెడగొట్టినందుకు ఆయన కొడుకును ఏమనేటోడు కాదు, అది నాకు ఇప్పుడు తెలుసు. తొందరల గుడ్డ ఇప్పి పడేసి పోయిండు, తప్పైందని ఒప్పుకుంట లేడు, మొఖం మీద అబద్ధమాడుతుండు, ఇదీ ఆయనకు తగిలింది. నేను తలుపు ఎనక నిలబడి ఇంటున్న. అప్పుడు సమజైంది నాకు, ఆ ముక్క ఏందో. ఎనక్కి మర్రి చూస్తే అత్తమ్మ తీగె కాడ ఉన్నది. ఆరిన గుడ్డను తీసి మడిచి, బియ్యపు గుమ్మి ఎనక పెట్టింది. నా దగ్గరికొచ్చి, ఎవ్వరికి చెప్పకు, నీ మొగునికి గూడ చెప్పకు, వాడు ఉత్తగుండడు అని మెల్లగ అన్నది. కొత్త కోడలు బండి పాడుచేసిందంటే ఊరంత అంటది, కన్నకొడుకును నాలుగు దినాలు అనుకుంటే ఏంగాదు, తండ్రీకొడుకులు మళ్ళ కలుస్తరు అని ఆమె లెక్క. నా మీద ఉన్న మంచితోటే అన్నది. నేను సరే అన్న.

బండిని మలక్‌పేట మెకానిక్ దగ్గరికి పక్కింటోళ్ళ ఎడ్లబండి మీద తీస్కపోయిన్రు. బోరు చెయ్యాలె, పిస్టన్ కొత్తది ఎయ్యాలె, ఐదారు దినాలు పడ్తది అన్నడంట. ఆ ఐదారు దినాలు మా ఆయన సైకిల్ మీద పాలు మోసిండు. పొద్దెక్కినంక పోతే ఒక టీచరమ్మ, తెనాలి దిక్కు ఆమె, ఏమయ్యా, పిల్లలు బడికి వెళ్ళిపోయాక పాలు తెస్తే నేనేం చేసుకోను, వేరే వాళ్ళని చూసుకుంటాం అన్నదంట. వచ్చి నాకు ఆమె మాట తీరు అచ్చం చేసి చూపించిండు. నవ్వాలని చూపించిండు గని ఆయనకే నవ్వు రాలేదు. తండ్రీకొడుకులు ఒకే పంక్తిల కూసోని తిన్నరు, ఒకరి దిక్కు ఒకరు చూడలేదు. నేను గిన్నె పట్టుకోని తలుపు ఎనక నిలబడేదాన్ని. అన్నం మెతుకు రాలిన సప్పుడు గూడ ఇనబడేది.

ఐదో దినం మామ అత్తమ్మతోటి ఒక మాట చెప్పిండు. బండి వచ్చినంక పాలకు కిరాయి మనిషిని పెడ్త, అబద్ధమాడే చేతికి తాళం ఇయ్యనని. అది మా ఆయన చెవిన పడ్డది. లోపలికొచ్చి రెండు అంగీలు సంచిల పెట్టుకున్నడు. బాలానగర్‌ల కంపెనీల పని ఉన్నదని మా మేనమామ ఎప్పుడో అన్నడు, అక్కడికి పోతనన్నడు. మరి నేను అని అడిగితే, ఆడ జాగ దొరికినంక తీస్కపోత అన్నడు. నేను అత్తమ్మ దిక్కు చూసిన. ఆమె జొన్నలు చెరుగుతుంది, చాట ఆగింది, మళ్ళ మొదలైంది. ఇంకొక దినం చూద్దామన్నట్టు తల ఊపింది. నాకు ఆ ఇంకొక దినం దాకా ఓపిక లేకుండె. ఆయన చెప్పింది నిజం. ఆ నిజం ఎరిగిన ఇద్దరం ఆడోళ్ళం పొయ్యి కాడ కూసోని ఉన్నం, ఆయనేమో చెయ్యని తప్పుకు ఇల్లు ఇడిచి పోతుండు.

తెల్లారి బండి వచ్చింది. మామ వాకిట్ల బండి పక్కన గొంతుకూసోని కొత్త ఆయిల్ పోస్తుండు, గరాటల నుంచి సన్నగ దారకట్టి పోతుంది. మా ఆయన సంచి అరుగు మీద ఉన్నది, ఆయన బర్ల కాడ ఆఖరిసారి పాలు పిండుతుండు. నేను గుమ్మి ఎనకకెళ్ళి గుడ్డ తీసిన. కొంగు నిండ కప్పుకున్న. గడప దాటిన. గడప నుంచి బండి కాడికి పది అడుగులు ఉంటయేమో, ఇన్నేండ్లల్ల నేను నడిచిన దూరంల అదే ఎక్కువనిపిస్తది. పోయి ఆయన ముంగట నిలబడ్డ. గుడ్డను ఆయన ముంగట నేల మీద పెట్టిన.

"మామా, గుడ్డ నేనే ఇప్పిన. ఉతికిన. ఆయన అబద్ధమాడలేదు."

మామ తల ఎత్తలేదు. కోడలు మామ మొఖం చూడొద్దన్నట్టే మామ గూడ కోడలు మొఖం చూడొద్దు గద. గరాటల దార అయిపోయేదాక ఆగిండు. డబ్బ పక్కకు పెట్టి, మూత బిగిచ్చి, చేతులు దోతికి తుడుచుకున్నడు.

"ఎప్పుడు ఇప్పినవ్?"

"మీరు బాయికాడికి పోయినంక."

"మరి గిన్ని దినాలు ఉత్తగున్నవ్?"

"బయమైంది."

ఆయన గుడ్డను చేతిల పట్టుకోని చూసిండు. మల్లెపువ్వు లెక్క తెల్లగున్నది, ఒక్క మరక లేదు. దాన్ని మడుసుకుంట, "మీ అత్తకు ఎరుకేనా?" అన్నడు.

లోపల పొయ్యి కాడ గాజుల సప్పుడు ఆగింది. అప్పటిదాక ఒక్క మాటకు గూడ నేను తడుముకోలేదు. ఈ మాటకు మాత్రం తడుముకున్న. నిజం చెప్పనీకి వచ్చినదాన్ని. గని ఆ నిజం చెప్తే, ముప్పై ఏండ్లు కాపురం చేసిన మనిషి, నా కోసం, ఆయన దగ్గర దాచిందని ఆయనకు తెలుస్తది. ఒక చీలిక అతుకవెట్ట వచ్చి ఇంకొకటి కొట్టిపోయినట్టయితది.

"ఎరుక లేదు," అన్న.

మామ మొదటిసారి తల ఎత్తిండు. నా దిక్కు కాదు, నా ఎనకున్న గడప దిక్కు. గడప కాడ అత్తమ్మ చీర అంచు తలుపు సందుల నుంచి ఇంత కనబడుతుందంట, ఆ సంగతి ఆయన ఎన్నో ఏండ్లకు నాకు చెప్పిండు. ఆమెకు ఇనబడేటట్టే, జర గట్టిగనే, "మంచిది. ఆమెకు చెప్పకు మరి. ఇన్ని దినాలల్ల ఈ ఇంట్ల ఆమె ఒక్కతే నిమ్మళంగున్నది, ఇంటే పరేషాన్ అయితది," అన్నడు.

అత్తమ్మ చేతులు తుడుచుకుంట బయటికొచ్చింది, ఏం ఇననట్టే. "ఏంది, నాకేం చెప్పొద్దంటున్నరు?"

"ఏం లేదు. నీ కొడుకును పిలు. పాలకు పొద్దైతుంది."

మా ఆయన వచ్చిండు. మామ తప్పైంది బిడ్డా అనలేదు, ఆ తరం తండ్రులకు ఆ మాట నోటికి వచ్చేది కాదు. తాళం తీసి కొడుకు చేతిల పెట్టి, కొత్త పిస్టన్, మెల్లగ తోలు అన్నడు. తర్వాత అరుగు మీదున్న సంచిని తనే తీసి లోపల కొయ్యకు తగిలేసిండు. మా ఆయన నా దిక్కు చూసిండు, గుడ్డ దిక్కు చూసిండు, సమజైంది. నువ్వే ముందు చెప్తే అయిపోయేది గద అని ఆ తర్వాత ఒక్కసారి అన్నడు. మళ్ళ ఆ ముచ్చట తీయలేదు.

ఆ పొద్దు ఆయన పాలు ఏసి వచ్చినంక అందరు తిన్నరు. మా ఇంట్ల మొగోళ్ళు తిన్నంక అత్తమ్మ, అత్తమ్మ తిన్నంక నేను. ఆ దినం మొగోళ్ళ ఇస్తార్లు ఎత్తి నేను చేతులు కడుక్కోని వచ్చేవరకు అత్తమ్మ రెండు పళ్ళాలు పెట్టుకోని కూసోని ఉన్నది. నువ్వు తిను, నేను తర్వాత తింట అన్న. కూసో అన్నది. మజ్జిగ నాకే ముందు పోసింది. ఆ దినం నుంచి ఆమె మంచాన పడేదాక మేము కలిసే తిన్నం. మళ్ళ ఆయిల్ మార్చే అమాస వచ్చినప్పుడు మామ వాకిట్ల నుంచి, అత్తమ్మను నడుమ పెట్టకుంట, బిడ్డా తపేలా తేపో అని నన్నే పిలిచిండు. తెచ్చి ఇచ్చి పోబోతే, ఉండు, చూడు అన్నడు. పానా పట్టుడు, బోల్టు పొడిని ఏలితోటి రాసి చూసుడు, మూత తెరిచి పుల్ల ముంచి గీత దాక ఉన్నదో లేదో చూసుడు, అన్ని ఆయన చేత్తోనే నేర్పిండు. ఊర్ల నలుగురు నవ్విన్రు. కోడలుతోటి బండి రిపేరు చేపిస్తున్నడని. ఆయన ఇననట్టే ఉన్నడు, అది ఆయనకు అలవాటే గద.

ఇప్పుడు మా కోడలు గుంటూరు దిక్కు పిల్ల. దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ సెంటర్ల లెక్కలు చెప్తది. మామయ్యగారూ, బీపీ మాత్ర వేసుకున్నారా, అబద్ధం చెప్పకండి, డబ్బా లెక్కపెడతాను అని మా ఆయన ఎదురుంగనే కూసోని, చాయ తాగుకుంట అడుగుతది. ఆయన పిల్లి లెక్క లేసి పోయి మాత్ర ఏసుకుంటడు. చూస్తే నాకు ముచ్చటేస్తది. నా ఎనిమిది నెలల మాటలు ఆమె ఒక్క పొద్దుగాల మాట్లాడుతది. ఆ రోజులే మంచియి అని నేను అనను. మాట్లాడనిస్తే ఆ బండి కరాబయ్యేదే కాదు, ఆ గుడ్డ ఎందుకున్నదని మామనే అడిగేదాన్ని. ఆ ఐదు దినాలు ఆ ఇంట్ల అందరికి అన్నం గూడ అరిగేది. మా కోడలు ఆమె సంగతులన్ని నాకు చెప్తది, నేనే ఆమెకు ఈ సంగతి ఇన్నేండ్లు చెప్పలేదు. అత్తమ్మ పోయింది, మామ అంతకుముందే పోయిండు, ఇగ దాచేటోళ్ళు ఎవ్వరు లేరు. అందుకే ఈడ రాస్తున్న.

ఆ దినం మామ ముంగట నేను మాట్లాడిన మాటలు చేతి ఏళ్ళ మీద లెక్కపెడితే పదమూడు. పదకొండు నిజం. అవి మా ఆయనను ఇంట్ల ఆపినయి. ఆఖరి రెండు అబద్ధం. అది అబద్ధమని మామకు తెలుసు, తలుపు ఎనకున్న అత్తమ్మకు తెలుసు, చెప్పిన నాకు తెలుసు. ముగ్గురం ఒక్కింట్ల ఇంక ఇరవై ఏండ్లు బతికినం. ఒక్కసారి గూడ ఎవ్వరం ఆ మాట ఎత్తలేదు.